ఏ సర్వర్ పలకట్లేదు?



"సర్వర్ రాట్లేదమ్మా, కాసేపాగి రండి." చీపురుపల్లిలో కానీ, టెక్కలిలో కానీ, ఇచ్ఛాపురం పక్కన ఏ చిన్న ఊళ్లో కానీ గ్రామ సచివాలయానికి పనిమీద వెళ్లినవాళ్లలో ఈ మాట విననివాళ్లు అరుదు. వేలిముద్ర వెయ్యడానికి వచ్చిన పెద్దావిడ "ఏటి బాబూ, మల్లెప్పుడు రమ్మంతావు?" అని అడుగుతుంది. డిజిటల్ అసిస్టెంట్ మాత్రం ఏం చెప్పగలడు? తెర మీద కనబడిందే చెబుతాడు.

ఆ పలకని సర్వర్ గురించే ఈ ప్రసంగం. నిజానికి అక్కడ పనిచేసే సర్వర్లు రెండు. ఒకటి ఎక్కడో దూరాన డేటా సెంటర్లో ఉంటుంది. అందరికీ తెలిసింది అదే, తిట్లన్నీ పడేదీ అదే. రెండోది ఆ బల్ల మీది కంప్యూటర్లోనే ఉంటుంది. అదే యంత్రంలో నడుస్తున్న ఇంకో ప్రోగ్రాముతో మాట్లాడడమే దాని ఉద్యోగం, ఆ మాటలకి ఇంటర్నెట్ అక్కర్లేదు. దీన్ని లోకల్ సర్వర్ అంటారు. అవతలి ప్రోగ్రాములు తనను పలకరించడానికి అది తెరిచి ఉంచే చోటు పేరు సాకెట్. మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ఈ రెండో సర్వర్ని తమ చేతులతో రాసి చూడాలని నా కోరిక. ఎందుకో, ఎలాగో చెబుతాను.

ముందు సచివాలయం బల్ల దగ్గరికే వెళ్దాం. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. అక్కడి పనుల్లో చాలావాటికి ఆధార్ ధ్రువీకరణ కావాలి, అంటే వేలిముద్ర కావాలి. ఉద్యోగి పనిచేసేది బ్రౌజర్లో, ఒక వెబ్ పేజీలో. వేలిముద్ర పరికరం యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి తగిలించి ఉంటుంది. మామూలు వెబ్ పేజీ మన కంప్యూటర్‌కి తగిలించిన పరికరాలను తనంతట తాను ముట్టుకోకుండా బ్రౌజర్ అడ్డు పెడుతుంది. పెట్టాలి కూడా, లేకపోతే ఏ సైటు తెరిస్తే ఆ సైటు మన యంత్రంలో చెయ్యి పెట్టేస్తుంది. మరి పేజీకి వేలిముద్ర అందేదెలా?

ఇక్కడే రెండో సర్వర్ వస్తుంది. పరికరంతో పాటు ఆర్‌డీ సర్వీస్ అనే చిన్న ప్రోగ్రామును విండోస్‌లో ఎక్కిస్తారు. ఆర్‌డీ అంటే రిజిస్టర్డ్ డివైస్. ఆధార్ సంస్థ యూఐడీఏఐ రాసిన నిర్దేశాల ప్రకారం ఆ ప్రోగ్రాము 127.0.0.1 అనే చిరునామా మీద, 11100 నుంచి 11120 వరకూ ఉన్న పోర్టుల్లో, అంటే అంకెలు వేసిన గుమ్మాల్లో, ఏదో ఒకటి తెరుచుకుని కూర్చోవాలి. 127.0.0.1 అంటే "ఈ యంత్రమే" అని అర్థం. ఆ చిరునామాకి పంపిన సమాచారం తీగ మీదికి వెళ్లదు, వైఫైలోకి వెళ్లదు. యంత్రంలోనే తిరిగి యంత్రానికే చేరుతుంది. వెబ్ పేజీకి బాగా తెలిసిన భాష హెచ్‌టీటీపీ కాబట్టి పరికరం తరఫున మాట్లాడే ప్రోగ్రాము కూడా ఒక బుల్లి వెబ్ సర్వర్ వేషం కట్టింది.

పేజీ ఏం చేస్తుందంటే, 11100 దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క పోర్టునూ అడుగుతూ పోతుంది, "ఇక్కడ ఆర్‌డీ సర్వీస్ ఉందా?" అని. ఒక్క పోర్టు చాలదా, 21 ఎందుకు అంటే, ఆ అంకెను అప్పటికే వేరే ప్రోగ్రాము తీసుకుని ఉండొచ్చు. వేలిముద్రకొకటి, కనుపాపకొకటి రెండు పరికరాలు తగిలించి ఉండొచ్చు. ఎవరో ఒకరు పలుకుతారు. "రెడీ" అనో, "నాట్ రెడీ" అనో తమ స్థితి చెబుతారు. రెడీ అయితే పేజీ "క్యాప్చర్" అని పంపుతుంది. పరికరంలో దీపం వెలుగుతుంది, పెద్దావిడ వేలు పెడుతుంది.

వేలిముద్ర ఆ బ్రౌజర్ పేజీకి ఉన్నదున్నట్టు అందదు. ఆర్‌డీ సర్వీస్ దాన్ని అప్పటికప్పుడు పుట్టించిన ఒక తాళంతో గుప్తీకరిస్తుంది. ఆ తాళాన్ని మళ్లీ యూఐడీఏఐ వారి పబ్లిక్ కీతో మూసేస్తుంది. పేజీ చేతికి వచ్చేది విప్పలేని మూట మాత్రమే. ఆ మూటని దూరాన ఉన్న సర్వర్‌కి చేరవెయ్యడం వరకే పేజీ పని. పాత పద్ధతిలో మధ్యలో ఉన్న ప్రోగ్రాము వేలిముద్రను దాచుకుని మళ్లీ వాడే ప్రమాదం ఉండేది. 2017 నుంచి రిజిస్టర్డ్ పరికరాలను తప్పనిసరి చెయ్యడానికి ముఖ్యమైన కారణం అదే. ఫోను మీద అయితే ఆండ్రాయిడ్‌కి ప్రోగ్రాముల మధ్య కబురు చేరవేసే దారి వేరే ఉంది. కాబట్టి ఈ పోర్టుల సంగతి డెస్క్‌టాప్ కంప్యూటర్ల వరకే.

ఇప్పుడు "సర్వర్ రాట్లేదు" అన్న మాటని మళ్లీ విందాం. ఆ 21 పోర్టుల్లో ఒక్కటీ పలకకపోతే తప్పు ఈ గదిలోనే ఉంది. సర్వీస్ ఆగిపోయి ఉండొచ్చు, దాన్ని యాంటీవైరస్ ఆపేసి ఉండొచ్చు. పలికి "నాట్ రెడీ" అంటే ముందు పరికరాన్నీ తీగనీ చూడాలి. రెడీ అని, వేలిముద్ర కూడా తీసుకుని, ఆ తర్వాత ఆగిపోతే అప్పుడు నెట్టునీ, దూరాన ఉన్న సర్వర్నీ అనుమానించాలి. 2025 చివర్లో వచ్చిన క్రోమ్ బ్రౌజర్ నుంచి ఇంకో మెలిక చేరింది. బయటి సైటు మన యంత్రంలోని సర్వర్తో మాట్లాడబోతే క్రోమ్ మన అనుమతి అడుగుతుంది. తొందరలో "వద్దు" అని నొక్కేస్తే పరికరం బాగున్నా పేజీకి కనబడదు. ఈ నాలుగు రకాల తప్పులకీ ఒకే వాక్యం చూపించే పేజీ రాసినవారిదే లోపమని నేను గట్టిగా అంటాను. ఒక్కొక్క తప్పుకి ఒక్కొక్క మాట చూపిస్తే ఎండలో నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషిని ఊరికే వెనక్కి పంపనక్కర్లేదు. తీగ సరిచేస్తే అయిపోయే పని అది.

సరే, అసలు ఒకే కంప్యూటర్లో ఉన్న రెండు ప్రోగ్రాములు మాట్లాడుకోవడానికి ఇంత తతంగం ఎందుకు? ఎందుకంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రామునీ, అంటే ప్రతి ప్రాసెస్‌నీ, ఆపరేటింగ్ సిస్టమ్ విడివిడిగా ఉంచుతుంది. ఒకదాని మెమరీలోకి ఇంకొకటి తొంగి చూడలేదు. ఏ మాటైనా ఆ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ చేతుల మీదుగా వెళ్లాలి. అందుకు యునిక్స్‌లో 1970లలోనే పైప్ అనే సదుపాయం ఉండేది. అయితే ముందునుంచీ సంబంధం ఉన్న ప్రాసెస్‌ల మధ్యే అది నడిచేది. ముక్కూమొహం తెలియని రెండు ప్రోగ్రాములు పేరు పెట్టి పిలుచుకుని, రెండు వైపులా మాట్లాడుకునే వీలును 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖ నుంచి వచ్చిన 4.2 బీఎస్‌డీ ఇచ్చింది. సాకెట్లు అందులోనే మొదట విస్తృతంగా బయటికి వచ్చాయి. నలభై ఏళ్లు దాటినా, సాకెట్ల కోసం ప్రోగ్రాము కెర్నల్‌ని పిలిచే పిలుపుల పేర్లు మారలేదు.

అప్పుడే రెండు రకాలు ఇచ్చారు. ఒకటి నెట్‌వర్క్ సాకెట్, దానికి ఐపీ చిరునామా, పోర్టు నంబరు ఉంటాయి. రెండోది అచ్చంగా ఒకే యంత్రం లోపలి సాకెట్, యునిక్స్ డొమైన్ సాకెట్. దాని చిరునామా ఒక ఫైలు పేరు. మన పల్లెల్లో వరస ఇళ్లు చూడండి. పక్కింటికి చింతపండు ఇవ్వాలంటే వీధి గుమ్మం నుంచి బయటికొచ్చి చుట్టూ తిరిగి వెళ్లొచ్చు, పెరటి గోడ మీంచి అందించెయ్యొచ్చు. 127.0.0.1 ద్వారా మాట్లాడడం మొదటి రకం. ఊరు దాటకపోయినా ప్యాకెట్లు కట్టడం, అందిందని రసీదులు పంపడం లాంటి టీసీపీ నియమాలన్నీ జరుగుతాయి. యునిక్స్ డొమైన్ సాకెట్‌లో ఆ నియమాలేవీ లేవు. కెర్నల్ ఇటు ఇచ్చినది అటు అందిస్తుంది.

మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే ఈ ప్రసంగం వింటున్నంతసేపూ అందులో ఇలాంటి సాకెట్లు పనిచేస్తూనే ఉంటాయి. మీరు ఏదైనా యాప్ మీద వేలు పెట్టగానే సిస్టమ్ జైగోట్ అనే ప్రాసెస్‌కి ఒక లోకల్ సాకెట్ ద్వారా కబురు పంపుతుంది. జైగోట్ తననుంచి ఒక కొత్త ప్రాసెస్‌ని విడదీసి ఇస్తుంది, అదే మీ యాప్. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్‌లు అదే యంత్రంలోని ప్రోగ్రాములతో ఇలాగే మాట్లాడతాయి. లినక్స్ తెర మీద కిటికీలు గీసే ఎక్స్ విండో కూడా అంతే.

ఇక రాయడం. రేడియోలో కోడ్ చూపించలేను, కానీ వరస చెబితే చేతికి అందుతుంది. సర్వర్ వైపు నాలుగు పిలుపులు. సాకెట్ అని పిలిస్తే కెర్నల్ ఒక సాకెట్ ఇస్తుంది. బైండ్ అని పిలిచి దానికి పేరు కడతాం, ఉదాహరణకి స్లాష్ రన్ స్లాష్ మండలం స్లాష్ మండలం డాట్ సాక్. లినక్స్‌లో ఈ పేరుకి ఉన్న చోటు 108 బైట్లే, కాబట్టి దారి మరీ పొడుగ్గా పెట్టకండి. లిజన్ అని పిలిస్తే వచ్చేవాళ్లు వరసలో నిలబడడానికి వీలవుతుంది. యాక్సెప్ట్ అని పిలిస్తే వరసలో మొదటివారితో మాట్లాడడానికి విడిగా ఒక కొత్త సాకెట్ చేతికి వస్తుంది. అవతలి వైపు క్లయింట్‌కి సాకెట్, కనెక్ట్ అనే రెండు చాలు. ఆ తర్వాత ఇద్దరికీ చదవడం, రాయడం, మూసెయ్యడం.

బైండ్ అయ్యాక టెర్మినల్లో ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొట్టి చూడండి. ఆ ఫైలు వరసలో మొట్టమొదటి అక్షరం ఎస్ అని ఉంటుంది, సాకెట్‌కి గుర్తు. పరిమాణం సున్నా. ఎంత మాట్లాడినా సున్నాయే, ఎందుకంటే మాటలు ఆ ఫైల్లోకి వెళ్లవు, అది పేరుకే.

ఇక్కడే మొదటి చిక్కు. సర్వర్ మధ్యలో చచ్చిపోతే ఆ పేరు మాత్రం మిగిలిపోతుంది. మళ్లీ నడిపితే బైండ్ దగ్గర "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అని ఆగిపోతుంది. పిల్లలందరూ చేసేది ఒకటే, ప్రోగ్రాము మొదట్లోనే ఆ ఫైలుని గుడ్డిగా చెరిపేసే వాక్యం రాసెయ్యడం. అప్పటికే ఇంకో సర్వర్ బాగా నడుస్తూ ఉంటే? దాని పేరు ఎగిరిపోతుంది. అది బతికే ఉంటుంది, కొత్తవాళ్లెవరూ దాన్ని చేరలేరు. సరైన పద్ధతేమిటంటే, ముందు ఆ పేరుకి కనెక్ట్ అయి చూడాలి. ఎవరైనా పలికితే మనం తప్పుకోవాలి. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటే అది పాత సర్వర్ వదిలేసిన పేరన్నమాట, అప్పుడు చెరిపి బైండ్ చెయ్యాలి.

రెండో చిక్కు తెలుగువాళ్లం మనం ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది. ఇంగ్లిషు అక్షరాలతోనే ప్రయోగాలు చేసేవారికి ఇది చాలాకాలం బయటపడదు. ఇప్పుడు మనం రాస్తున్న రకాన్ని స్ట్రీమ్ సాకెట్ అంటారు, దానికి బైట్లే తెలుసు, మాటలు తెలియవు. మీరు రెండుసార్లు పంపింది అవతల ఒకేసారి అందొచ్చు, ఒకసారి పంపింది రెండు ముక్కలుగా అందొచ్చు. తెలుగు యూనికోడ్‌లో ఒక్కొక్క గుర్తూ యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది. "శ్రీకాకుళం" అని పంపండి. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. మొత్తం 10 గుర్తులు, 30 బైట్లు. సర్వర్ 16 బైట్లు చొప్పున చదువుతోందనుకుందాం. మొదటి 15 బైట్లలో "శ్రీక" వస్తుంది. పదహారోది "కా" మీది దీర్ఘంలో మూడో వంతు. వచ్చింది వచ్చినట్టు తెర మీద వేస్తే "శ్రీక" పక్కన ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ బొమ్మ కనబడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పేర్లు అప్పుడప్పుడు మధ్యలో చెడిపోయి కనబడడానికి ఇలా బైట్ల మధ్య తెగ్గొట్టడం ఒక కారణం.

దీనికి మందు తేలికైనదే. ప్రతి సందేశానికీ ముందు దాని పొడవును 4 బైట్లలో పంపాలి. పొడవు అంటే అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క. శ్రీకాకుళానికి 30, విజయనగరానికి 24. సర్వర్ ఆ నాలుగు బైట్లూ పూర్తిగా వచ్చేదాకా చదవాలి, ఆ తర్వాత చెప్పిన పొడవంతా వచ్చేదాకా చదవాలి, అప్పుడు మాత్రమే దాన్ని తెలుగుగా విప్పాలి. ఒక్క జాగ్రత్త. ఎవడైనా "నా సందేశం 400 కోట్ల బైట్లు" అని అబద్ధం చెబితే నమ్మి అంత మెమరీ కేటాయించెయ్యకూడదు. ఒక హద్దు పెట్టుకుని, దాటితే మూసెయ్యాలి.

అబద్ధం మాటొచ్చింది కాబట్టి, అవతల ఎవరున్నారో ఎలా తెలుస్తుంది? అది చూసుకోకపోతే ఏమవుతుందో 2019 జులైలో బయటపడిన జూమ్ సంగతి చెబుతుంది. మ్యాక్ కంప్యూటర్లలో జూమ్ యాప్‌తో పాటు ఒక లోకల్ వెబ్ సర్వర్ కూడా 19421 పోర్టు మీద కూర్చునేది. మీటింగ్ లింకు నొక్కగానే యాప్ తెరుచుకోవడం దాని ఉద్దేశం. కానీ అడిగేది ఎవరో అది చూసుకోలేదు. ఏ వెబ్ సైటైనా ఆ సర్వర్ని పిలిచి మనిషిని మీటింగ్‌లోకి లాగగలిగేది, కెమెరా ఆన్ అయ్యే అవకాశంతో సహా. యాప్ తీసేసినా సర్వర్ మిగిలే ఉండేది. చివరికి ఆపిల్ సంస్థే ఒక అప్‌డేట్ పంపి దాన్ని తొలగించింది. 127.0.0.1 మీద ఉన్నంత మాత్రాన క్షేమం అనుకోవడానికి లేదని అక్కడ తేలింది. మనం తెరిచిన ప్రతి వెబ్ పేజీ మన యంత్రం లోపలినుంచే మాట్లాడుతుంది కదా. ఇక కొందరు 127.0.0.1కి బదులు 0.0.0.0 అని రాసేస్తారు, "అన్నిటి మీదా విను" అని. ఆ ఒక్క మార్పుతో ఆఫీసు వైఫైలో ఉన్న ప్రతి ఫోనుకీ మన లోకల్ సర్వర్ అందుబాటులోకి వచ్చేస్తుంది.

ఫైలు పేరున్న సాకెట్‌ని నేను ఇష్టపడేది ఇందుకే. బ్రౌజర్ పేజీతో మాట్లాడాల్సి వస్తే పోర్టు తప్పదు, ఆర్‌డీ సర్వీస్‌కి వేరే దారి లేదు. మన రెండు ప్రోగ్రాములే మాట్లాడుకోవాలంటే మాత్రం పోర్టు జోలికి వెళ్లొద్దు. వెబ్ పేజీ ఆ ఫైలుని చేరలేదు. ఫైలుకి ఉన్న అనుమతులే సాకెట్‌కీ వర్తిస్తాయి. దాన్ని యజమాని తప్ప ఇంకెవరూ అడుగుపెట్టలేని డైరెక్టరీలో పెడితే సగం కాపలా అయిపోయినట్టే. ఎవరైనా ఫైలు పెట్టగల స్లాష్ టీఎంపీ డైరెక్టరీలో పెట్టొద్దనేది కూడా అందుకే, మనకంటే ముందు ఇంకొకడు అదే పేరుతో సాకెట్ తెరిచి సర్వర్లా నటించగలడు. అంతేకాదు, లినక్స్‌లో అవతలి ప్రాసెస్ నంబరెంత, అది ఏ యూజర్‌ది అని సర్వర్ కెర్నల్‌నే అడగొచ్చు. జవాబు కెర్నల్ ఇస్తుంది కాబట్టి క్లయింట్ బుకాయించలేదు. ఇంకో అద్భుతమైన సంగతి ఉంది. ఈ సాకెట్ ద్వారా తెరిచి ఉన్న ఫైలునే అవతలి ప్రాసెస్ చేతికి ఇచ్చెయ్యొచ్చు. ఫైలు తెరిచే హక్కు లేని ప్రాసెస్‌కి, హక్కున్నది తెరిచి అందిస్తుంది. లినక్స్ మీద క్రోమ్ బ్రౌజర్ తన ప్రాసెస్‌ల మధ్య ఈ పద్ధతి వాడుతుంది.

ఇప్పుడు మన కాలేజీల సంగతి. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది, రాజాంలో, టెక్కలిలో, చింతలవలసలో ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి, విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది. సాకెట్లు పాఠంగా చెబుతారు. 1990లో వచ్చిన రిచర్డ్ స్టీవెన్స్ పుస్తకం లైబ్రరీల్లో దొరుకుతుంది. పరీక్షలో నాలుగు పిలుపుల బొమ్మ గీసి మార్కులు తెచ్చుకునే పిల్లలు చాలామంది. రాసి, చంపి, మళ్లీ లేపి, పేరు మిగిలిపోవడం కళ్లారా చూసినవాళ్లు తక్కువ. "సర్వర్ నేర్చుకోవాలంటే క్లౌడ్ కావాలి, మంచి నెట్ కావాలి, హైదరాబాదో బెంగళూరో వెళ్లాలి" అని పిల్లలంటుంటే నాకు బాధ కలుగుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కరెంటూ, సెల్‌ఫోన్ సిగ్నలూ రోజుల తరబడి లేవు. అలాంటి రోజున కూడా జనరేటర్ మీద ఒక్క పాత కంప్యూటర్ వెలిగిందంటే ఈ విద్య మొత్తం నేర్చుకోవచ్చు. రెండు టెర్మినల్ కిటికీలు, ఒకదాంట్లో సర్వర్, ఒకదాంట్లో క్లయింట్. నెట్ అక్కర్లేదు.

చెయ్యాలనుకునేవారికి ఒక పని చెబుతాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక ఏ మండలం ఏ జిల్లాదో చాలామంది తికమకపడ్డారు కదా. అది చెప్పే సర్వర్ రాయండి. క్లయింట్ "రాజాం" అని తెలుగులో పంపితే "విజయనగరం" అని రావాలి. "పాలకొండ" అంటే "పార్వతీపురం మన్యం" అని రావాలి. "టెక్కలి" అంటే "శ్రీకాకుళం". సీలో రాయండి, పైథాన్‌లో రాయండి, మీ ఇష్టం. అది పనిచేశాక దాన్ని ఇబ్బంది పెట్టండి. "పాలకొండ" అన్న మాటలో ఐదు బైట్లు పంపి, పది సెకన్లు ఆగి, మిగతావి పంపండి. ఈలోగా రెండో క్లయింట్‌తో "రాజాం" అడగండి. వెంటనే జవాబు వచ్చిందా, మొదటివాడి కోసం అందరూ ఆగిపోయారా? ఆగిపోతే పోల్ అనే పిలుపు గురించి చదవాల్సిన వేళ అదే. తర్వాత, జవాబు రాకముందే క్లయింట్‌ని చంపెయ్యండి. మూసుకుపోయిన సాకెట్‌లోకి రాయబోయి సీలో రాసిన సర్వర్ ఒక్క మాట కూడా చెప్పకుండా కూలిపోవచ్చు. దానికి కారణం సిగ్‌పైప్ అనే సిగ్నల్, దాన్ని పట్టించుకోవద్దని మొదట్లోనే చెప్పుకోవాలి. ఆఖరున సర్వర్ని కంట్రోల్-సీ కొట్టి ఆపి, మళ్లీ నడిపి చూడండి. బైండ్ దగ్గర ఆగిందంటే, ఆ పాత పేరు విషయంలో ఏం చెయ్యాలో ఇందాక చెప్పుకున్నాం.